వీధిదీపము ఏల కొట్టుకొనును?
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన గుర్తులు, కారణములు, చికిత్స

వీధిదీపమును గూర్చిన మాట రాని గ్రామసభ అరుదు. దీపము అసలు వెలుగనిచో ఆ సంగతి అందరికిని తెలియును. ఏమి చేయవలెనో కూడ తోచును. కాని దీపము వెలుగుచునే కొట్టుకొనుచున్నచో, అనగా క్షణక్షణము వెలుగు హెచ్చుచు తగ్గుచు మిణుకుమిణుకు మనుచున్నచో, చాలమందికి దారి తోచదు. “బల్బు పోయినది, మార్చుడు” అనుట వాడుక. కొత్త బల్బు పెట్టుదురు. పది దినములకు అదియు కొట్టుకొనును. మరల మార్చుదురు. పంచాయతీ నిధి ఖర్చగును. జబ్బు మాత్రము ఉన్నచోటనే ఉండును.

ఈ వ్యాసమున మేము సభ్యులకు మనవిచేయదలచిన విషయమిది: కొట్టుకొను దీపము పెక్కుసార్లు మరియొకచోట నున్న జబ్బును మనకు చూపుచుండును. తీగలో వదులు, న్యూట్రల్‌లో తెగుడు, తగని డిమ్మరు, నాసి డ్రైవరు, వీటిలో ఏదైనను దీపము ద్వారానే బయటపడును. ఆ గుర్తును చదువనేర్చిన పంచాయతీ డబ్బు మిగుల్చుకొనును. ఒక్కొక్కప్పుడు ప్రాణమును కూడ కాపాడుకొనును.

బాధ్యత ఎవరిది?

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో గ్రామీణ విద్యుదీకరణ ఒకటి. 2018 నాటి తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టము గ్రామములో ఏర్పరుపవలసిన స్థాయీ సంఘములలో ఒకదానికి వీధిదీపముల పని అప్పగించినది. 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లెప్రగతి 30 దినముల కార్యక్రమములో వంగిన స్తంభములను సరిచేయుట, వ్రేలాడు తీగలను బిగించుట, వీధిదీపములకు ప్రత్యేకముగ మూడవ తీగ లాగుట, మీటర్లు పెట్టుట అను పనులు చేర్చబడినవి. మూడవ తీగ ఉన్న గ్రామములో దీపములన్నిటిని ఒకచోటనుండి సాయంకాలము వెలిగించి ఉదయము ఆర్పవచ్చును. అది లేని చోట దీపములు పట్టపగలు కూడ వెలుగుచుండును.

వరంగల్లు జిల్లాలోని గీసుగొండ, సంగెం, పర్వతగిరి, నెక్కొండ మొదలగు మండలముల పంచాయతీలకు విద్యుత్తును అందించునది హనుమకొండ కేంద్రముగ నున్న తెలంగాణ ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ. స్తంభము, దానిపైని తీగ, ట్రాన్స్‌ఫార్మరు ఆ సంస్థ ఆధీనములోనివి. దీపము, దాని నిర్వహణ, దాని బిల్లు పంచాయతీవి. ఈ సరిహద్దు సభ్యులు ఎరిగియుండుట మంచిది. ఏలయన, కొట్టుకొను దీపము యొక్క జబ్బు ఒకప్పుడు సరిహద్దుకు ఈవల, ఒకప్పుడు ఆవల ఉండును.

వెలుగు ఏల వణకును?

మన తీగలలో ప్రవహించునది ఏకాంతర విద్యుత్తు, అనగా సెకనుకు 50 సార్లు ముందునకు వెనుకకు ఊగు విద్యుత్తు. ఒక్కొక్క ఊపులో రెండు పర్యాయములు బలము శూన్యమగును. కనుక దీపమునకు అందు శక్తి సెకనుకు 100 సార్లు పెరిగి తరుగుచుండును. పాత తీగబల్బులో ఈ సంగతి బయటపడలేదు. దాని లోపలి తీగ ఎర్రగా కాగి యుండుటచే, విద్యుత్తు క్షణకాలము తగ్గినను వేడి తగ్గదు, వెలుగు నిలిచియుండును. కుంపటిలో నిప్పు విసరుట ఆపినను కొంతసేపు ఎర్రగా నుండునట్లే ఇదియును.

ఎల్.ఇ.డి. దీపము అట్టిది కాదు. దానిలో వెలుగు వేడివలన పుట్టదు. విద్యుత్తు పారుచుండగా మాత్రమే పుట్టును. విద్యుత్తు తగ్గిన తక్షణమే వెలుగు తగ్గును. నీలివెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించి తెల్లని విద్యుద్దీపమునకు దారిచూపిన జపాను దేశపు శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. ఇంత ఉపకారము చేసిన దీపమునకు ఒక నియమము కలదు: దానికి ఎగుడుదిగుడు లేని ఏకముఖ విద్యుత్తు కావలెను. ఆ పని చేయు పెట్టెనే డ్రైవరు అందురు.

మంచి డ్రైవరులో కెపాసిటరు అను భాగము ఒకటి యుండును. అది కల్లములోని గాదె వంటిది. పంట వచ్చినప్పుడు నింపుకొని, లేనప్పుడు ఇచ్చినట్లు, విద్యుత్తు హెచ్చినప్పుడు నింపుకొని తగ్గినప్పుడు అందించును. గాదె చిన్నదైనను, చిల్లుపడినను వెలుగు వణకును. చౌక దీపములలో కొన్నింటికి డ్రైవరు ప్రత్యేకముగ నుండదు. ఎల్.ఇ.డి.లున్న పలకమీదనే రెండు మూడు చిన్న భాగములు అతికించి, కెపాసిటరును చిన్నదిగా పెట్టియో, అసలు మానియో అమ్ముదురు. అవి వణకుట వాటి పుట్టుకలోనే ఉన్నది.

మంచి డ్రైవరుకైనను వేడి శత్రువు. కెపాసిటరులోని ద్రవము వేడికి ఎండిపోవును. ఉష్ణము 10 డిగ్రీలు పెరిగినచో దాని ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్ల లెక్క. వరంగల్లు ప్రాంతమున వేసవిలో 40 డిగ్రీలు దాటుట మనము ఎరిగినదే. పగటియెండలో కాగిన దీపపుగూడు రాత్రి వెలిగించిన పిదప దానిలోపల వేడి ఇంకను హెచ్చును. అందుచేతనే ఎల్.ఇ.డి. పలక బాగుగనే యుండగా డ్రైవరు మాత్రము ముందుగా చెడును. 50,000 గంటల ఆయువు గల పలక, రాత్రికి 11 గంటల చొప్పున వెలిగినను, 12 సంవత్సరములు రావలెను. డ్రైవరు చెడినందున దీపమంతయు పారవేయుట, గొలుసు తెగినందున సైకిలును పారవేయుట వంటిది.

నేలపై నిలిచి చదువదగిన గుర్తులు

స్తంభము ఎక్కక, తీగ ముట్టక, కేవలము చూచి చాల సంగతులు తెలిసికొనవచ్చును. మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఎన్ని దీపములు? ఎప్పుడు? ఏ విధముగ?

ఒక్క దీపము మాత్రమే కొట్టుకొనుచు, ఇరుగుపొరుగు స్తంభములపై దీపములు నిలకడగ నున్నచో జబ్బు ఆ దీపములో గాని, దానికి తీగ కలిపిన ముడిలో గాని కలదు. గాలి వీచినప్పుడే కొట్టుకొనినచో ముడి వదులైనదని అనుమానింపవలెను. వాన వెలసిన మరునాటి వరకు మాత్రమే కొట్టుకొనినచో గూటిలోనికి నీరు చేరినదని గుర్తు. వెలిగించిన అరగంటవరకు బాగుగనుండి, తరువాత ఆరుచు వెలుగుచు నుండినచో వేడి హెచ్చి డ్రైవరు తనను తాను కాపాడుకొనుచున్నదని యూహింపవచ్చును. రెండు మూడు సెకనులకొకసారి మెరుపువలె వెలిగి ఆరినచో డ్రైవరు గాని పలక గాని చెడినది.

సందెవేళ, తెల్లవారుజామున మాత్రమే వెలుగుచు ఆరుచు నుండు దీపము మరియొక తీరుది. చీకటిని గుర్తించి తానే వెలుగు దీపమునకు చిన్న కన్నువంటి సాధనము ఉండును. ఆ కన్ను దీపపు వెలుగునే చూచునట్లు అమరినచో, వెలుగగానే తెల్లవారినదని భ్రమించి ఆర్పును; ఆర్పగానే చీకటి పడినదని వెలిగించును. దీనికి కొత్త బల్బు అవసరము లేదు. కన్నును ఆకాశమువైపు త్రిప్పి బిగించిన చాలును.

ఒక వరుసలోని దీపములన్నియు కలసి కొట్టుకొనుచున్నచో జబ్బు దీపములలో లేదు. ఆ వరుసకు ముందున్న తీగలోనో, జంపరులోనో, స్విచ్చు పెట్టెలోనో కలదు. గిర్ని మోటారు గాని, త్రాగునీటి మోటారు గాని వేసినప్పుడు దీపములు ఒక్కసారి కునికి మరల నిలిచినచో, మోటారు ఆరంభములో హెచ్చు విద్యుత్తును లాగుటచే వోల్టేజి తగ్గినదని అర్థము. అది అప్పుడప్పుడు మాత్రమే అయినచో భయములేదు. సాయంకాలమెల్ల దీపములు మందగించి కొట్టుకొనుచున్నచో తీగ సన్నదై యుండవచ్చును, లేదా ట్రాన్స్‌ఫార్మరుపై భారము హెచ్చియుండవచ్చును. ఈ సంగతి విద్యుత్ సంస్థ ఇంజనీరు దృష్టికి వ్రాతమూలకముగ తేవలెను.

ఇక అన్నిటికంటె ప్రమాదకరమైన గుర్తు ఒకటి కలదు. వీధిదీపములు కొట్టుకొనుచుండగానే కొన్ని ఇండ్లలో దీపములు మందగించి, మరికొన్ని ఇండ్లలో మితిమీరి ప్రకాశించినచో న్యూట్రల్ తీగ వదులైనదనియో తెగినదనియో తెలిసికొనవలెను. మూడు ఫేజులకును సమతూకము నిలుపునది న్యూట్రల్. అది తెగిన త్రాసు వంటిదైనప్పుడు, 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 వోల్టుల వరకు రావచ్చును. టెలివిజను, ఫ్రిజ్జు, ఫంకా కాలిపోవును. ఇనుప సామానుకు విద్యుత్తు తగిలి మనుష్యులకు ప్రాణహాని కలుగవచ్చును. ఈ గుర్తు కనిపించిన క్షణముననే మెయిన్ స్విచ్చులు ఆర్పుకొనుడని ఇంటింటికి చెప్పించి, లైన్‌మన్‌కును, 1912 నంబరునకును తెలుపవలెను. తెల్లవారువరకు ఆగరాదు.

ఆర్పిన తరువాత కూడ దీపము సన్నగా వెలుగుటయో, అప్పుడప్పుడు తళుక్కుమనుటయో కొన్నిచోట్ల చూచుచుందుము. స్విచ్చు ఫేజు తీగలో గాక న్యూట్రల్ తీగలో పెట్టినచో ఇట్లగును. స్విచ్చు సరిగనే యున్నను, వీధిదీపపు తీగ ఇతర తీగల ప్రక్కన చాలదూరము పోవుటచే దానిలో కొంత విద్యుత్తు ప్రేరితమై డ్రైవరులో కొద్దికొద్దిగ చేరి ఒక్కసారి మెరియును. దీనినుండి నేర్చుకొనవలసిన పాఠము పెద్దది: దీపము ఆరినంత మాత్రమున తీగ చచ్చినదని నమ్మరాదు.

వెలుగు తగ్గించునప్పుడు వచ్చు చిక్కు

అర్ధరాత్రి వీధులలో జనసంచారము తక్కువ. అప్పుడు దీపముల వెలుగును సగమునకు తగ్గించినచో బిల్లు తగ్గును. ఉదాహరణకు, ఒక గ్రామములో 30 వాట్ల దీపములు 100 ఉన్నవనుకొందము. అన్నియు కలసి గంటకు 3 యూనిట్లు వాడును. రాత్రి 11 గంటలనుండి 4 గంటలవరకు వెలుగు సగము చేసినచో రాత్రికి సుమారు 7న్నర యూనిట్లు, సంవత్సరమునకు సుమారు 2,700 యూనిట్లు మిగులును. ఒక దీపము విడిచి ఒక దీపము ఆర్పుటకంటె ఇది మేలైన పద్ధతి. అట్లు ఆర్పినచో వెలుగు మడుగుల నడుమ చీకటి గుంతలు ఏర్పడును. పాము, తేలు, గొయ్యి కనబడవు. అన్నిటిని సమముగ తగ్గించినచో వీధియంతయు ఒకే తీరున కనబడును.

కాని వెలుగు తగ్గించుట ఆరంభించిన రాత్రినుండియే దీపములు కొట్టుకొనుచున్నవను ఫిర్యాదు రావచ్చును. దానికి ముఖ్య కారణము పాత పద్ధతిని కొత్త దీపమునకు పట్టించుట. పూర్వపు సోడియం దీపములకు వోల్టేజి తగ్గించినచో వెలుగు తగ్గెడిది. ఎల్.ఇ.డి. డ్రైవరు స్వభావము వేరు. వోల్టేజి కొంత తగ్గినను అది విద్యుత్తును ఎక్కువగా లాగికొని వెలుగును పూర్వమువలెనే నిలుపును. కనుక వోల్టేజి తగ్గించినను పొదుపు జరుగదు. తన హద్దుకంటె వోల్టేజి ఇంకను తగ్గినచో డ్రైవరు ఆగును, మరల లేచును, మరల ఆగును. అదియే మనకు కొట్టుకొనుటగ కనబడును. ఈ అవస్థలో ఎంత ఖరీదైన కొత్త దీపము పెట్టినను ప్రయోజనము లేదు.

సరియైన మార్గములు రెండు. మొదటిది, వేళనుబట్టి వెలుగు తగ్గించుకొను ఏర్పాటు తనలోనే కల డ్రైవరు. దీనికి వేరు తీగ అక్కరలేదు. రెండవది, ప్రత్యేకపు సంకేతపు తీగ ద్వారా గాని, రేడియో ద్వారా గాని ఆజ్ఞను గ్రహించు డ్రైవరు. మొదటిది చిన్న గ్రామమునకు చాలును. ఏ పద్ధతియైనను డ్రైవరుపై “డిమ్ చేయదగినది” అని తయారీదారుడు వ్రాసియుండవలెను. వెలుగు తగ్గించు వేళను కూడ గ్రామపు నడవడినిబట్టి నిర్ణయింపవలెను. మిరపపంట కాలమున వరంగల్లు ఏనుమాముల మార్కెటుకు సరకు తరలించు రైతులు చీకటితోనే బయలుదేరుదురు. సద్దుల బతుకమ్మనాడు ఆడబిడ్డలు రాత్రి ప్రొద్దుపోవువరకు చెరువుగట్టున నుందురు. అట్టి దినములలో నిండు వెలుగు ఉండవలెను. పొదుపు ప్రజల సౌకర్యముకొరకే గదా!

సమావేశ మందిరములోని డిమ్మరు

పంచాయతీ భవనములోను, రైతువేదికలోను, కల్యాణమండపములోను గోడమీది మీటను త్రిప్పి వెలుగు తగ్గించు డిమ్మరు ఉండుట కలదు. పాత డిమ్మరు తీగబల్బులకై చేసినది. అది విద్యుత్తు యొక్క ప్రతి ఊపులోను ఆరంభభాగమును కోసివేసి మిగిలినదానిని పంపును. అది నిలకడగ పనిచేయుటకు కొంత కనీస భారము కావలెను. మునుపు 100 వాట్ల బల్బులు 4 ఉన్నచోట భారము 400 వాట్లు. ఇప్పుడు వాటి స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి.లు 4 పెట్టినచో భారము 36 వాట్లే. 60 వాట్ల కనీస భారము కోరు డిమ్మరు 36 వాట్లతో నిలువలేదు. గుఱ్ఱమునకు వేయు కళ్లెము మేకపిల్లకు వేసినట్లగును.

ఇందు జబ్బును కనుగొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ఎలక్ట్రీషియనుచేత ఆ వరుసలోని ఒక ఎల్.ఇ.డి.ని తీయించి 60 వాట్ల పాత తీగబల్బును పెట్టించి చూడవలెను. కొట్టుకొనుట ఆగినచో భారము చాలకపోవుటయే కారణము. ఆగనిచో బల్బులు డిమ్మరునకు తగినవి కావు, లేదా డిమ్మరే చెడినది.

చికిత్స ఈ క్రమమున చేయవలెను. మొదట బల్బుపెట్టెను చదువవలెను. డిమ్ చేయుటకు పనికిరాదని వ్రాసియున్నచో ఆ బల్బులకు డిమ్మరు వాడరాదు. రెండవది, వరుసలోని బల్బులన్నియు ఒకే తయారీవి కావలెను. నాలుగు తీరుల బల్బులు నాలుగు తీరుల ప్రవర్తించును. మూడవది, ఎల్.ఇ.డి. కొరకు చేసిన, ఊపు చివరిభాగమును కోయు డిమ్మరు పెట్టించవలెను. నాలుగవది, డిమ్మరులో అడుగుహద్దును సరిచేయు మరయున్నచో, దీపములు కొట్టుకొనని మట్టమునకు దానిని ఎత్తించవలెను. ఫంకా రెగ్యులేటరుతో దీపపు వెలుగు తగ్గింపజూచుట ఎన్నడును తగదు. ఇవన్నియు ఖర్చని తోచినచో అంతకంటె చౌకైన ఉపాయము కలదు: డిమ్మరును తీసివేసి, దీపములను రెండు వరుసలుగ విభజించి రెండు స్విచ్చులు పెట్టించుట. సగము వెలుగు కావలసినప్పుడు ఒక వరుస ఆర్పిన సరిపోవును.

కంటికి కనబడని వణుకు

సెకనుకు 100 సార్లు వణకు వెలుగును మన కన్ను నిలకడగనే చూచును. అయినను దేహము దానిని కొంత గ్రహించును. 1989లో ఇంగ్లండులో విల్కిన్సు మొదలగువారు కార్యాలయములలో చేసిన పరిశోధనలో, 100 సార్లు వణకు ట్యూబులైట్లను మార్చి అత్యంత వేగముగ పనిచేయు చోకులు పెట్టినప్పుడు ఉద్యోగుల తలనొప్పులు, కంటి అలసట సగమునకంటె ఎక్కువగ తగ్గినవి. 2015లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థయైన ఐ.ఇ.ఇ.ఇ. తన 1789వ ప్రమాణమున, సెకనుకు 100 సార్లు వణకు వెలుగులో హెచ్చుతగ్గులు 8 శాతము మించకుండిన అపాయము తక్కువ అని తెలిపినది. బాలబాలికలు చదువుకొను బడిలోను, అంగన్‌వాడీలోను దీనిని గమనించుట మన విధి. కంటికి కనబడునంత నెమ్మదిగ కొట్టుకొను దీపము మూర్ఛవ్యాధి గల కొందరికి మరింత కీడు.

యంత్రములున్న చోట మరియొక మోసము కలదు. నాలుగు ఆకులు గల చక్రము నిమిషమునకు 1,500 చుట్లు తిరిగినచో, సెకనుకు 25 చుట్లు. సెకనుకు 100 ఆకులు ఒకేచోటికి వచ్చును. వెలుగు కూడ సెకనుకు 100 సార్లే హెచ్చి తగ్గుచుండుటచే చక్రము కదలక నిలిచియున్నట్లు తోచును. మోటారు 1,440 చుట్లు తిరిగినచో చక్రము సెకనుకు ఒక్క చుట్టు చొప్పున మెల్లగా వెనుకకు తిరుగుచున్నట్లు కనబడును. ఆగినదనుకొని చేయిపెట్టిన వాని గతి ఏమగునో చెప్పనక్కరలేదు. గ్రామములోని గిర్నికిని, గడ్డికోత యంత్రమునకును వణకని దీపము పెట్టించుకొనుడని యజమానులకు సభ్యులు చెప్పవలెను.

ఈ వణుకును పట్టుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. దీపము క్రింద తెల్లని చీపురుపుల్లను వేగముగ అటునిటు ఊపి చూడుడు. వెలుగు నిలకడగ నున్నచో తెల్లని పొరవలె కనబడును; వణకుచున్నచో విసనకర్ర ఈనెలవలె విడివిడిగ పెక్కు పుల్లలు కనబడును. సెల్‌ఫోను కెమెరాను దీపమునకు దగ్గరగ పట్టినప్పుడు తెరపై నల్లని పట్టీలు ప్రాకినచో అదియు వణుకునకు గుర్తే. ఒకే ఫోనుతో రెండు దీపములను పోల్చి చూచినచో తేడా మరింత స్పష్టమగును.

కొనుగోలులో జాగ్రత్తలు

కొన్న తరువాత చింతించుటకంటె కొనుటకు ముందే నమూనాను పరీక్షించుట మేలు. తక్కువ ధర ఒక్కటే చూడరాదు. భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు, నమోదు సంఖ్య ఉన్నవా? డ్రైవరును విడిగా మార్చుటకు వీలున్నదా? ఎంత వోల్టేజి మొదలు ఎంత వోల్టేజి వరకు పనిచేయును? పిడుగులవలన తీగలో పుట్టు పోటునుండి రక్షణ కలదా? గూటిలోనికి నీరు, పురుగులు చేరకుండ కట్టుదిట్టమున్నదా? గ్యారంటీ ఎన్ని సంవత్సరములు? డ్రైవరుకు కూడ వర్తించునా? వెలుగు తగ్గించు ఉద్దేశమున్నచో ఆ పనికి తగినదని వ్రాతలో నున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానములు తీర్మానముతోపాటు దస్త్రములో ఉంచవలెను. నమూనా దీపమును ఒక వారము ఊరిలో వెలిగించి, నిండు వెలుగులోను, సగము వెలుగులోను పుల్లపరీక్ష చేసి, ఆపైన బిల్లు చెల్లింపవలెను.

ప్రాణము అన్నిటికంటె ముఖ్యము

దీపము కొట్టుకొనుచున్నదని ఎవరో ఫోను చేయుదురు. ఊరిలో మల్టీపర్పస్ వర్కరో, కారోబారో కలడు. “కొంచెము చూడుమయ్యా” అని సభ్యుడో సర్పంచో అనగానే అతడు నిచ్చెన వేసికొని స్తంభమెక్కును. ఈ అలవాటు తక్షణము మానవలెను. స్తంభముపై వీధిదీపపు తీగ ఒక్కటే లేదు. దాని పక్కనే ఎల్లప్పుడు విద్యుత్తు పారు తీగలు కలవు. వీధిదీపముల స్విచ్చు ఆర్పినంతమాత్రమున అవి ఆరవు. పైన చెప్పినట్లు ఆర్పిన తీగలో సైతము విద్యుత్తు మిగిలియుండవచ్చును.

స్తంభమెక్కవలసిన పని లైన్‌మన్‌ది, లేదా అర్హతగల వానిది. అతడును విద్యుత్ సంస్థనుండి లైన్ క్లియరు తీసికొని, తీగలో విద్యుత్తు లేదని పరికరముతో చూచుకొని, చేతితొడుగులు, నడుముపట్టీ ధరించి ఎక్కవలెను. వానలోను, రాత్రివేళను ఎక్కరాదు. “ఒక్క నిమిషములో అయిపోవు పనికి ఇంత తతంగమా?” అని కొందరనవచ్చును. ఒక వీధి ఒక రాత్రి చీకటిలో నుండిన నష్టము స్వల్పము. ఒక యిల్లు దీపమును కోల్పోయినచో ఆ చీకటి ఎన్నటికిని తీరదు. పనివానికి “ఎక్కుము” అని చెప్పు అధికారము ఏ సభ్యునకును లేదు. “ఎక్కవద్దు” అని చెప్పు బాధ్యత మాత్రము ప్రతి సభ్యునకును కలదు.

ఒక చిన్న పుస్తకము

గీసుగొండ మండలములోని గంగదేవిపల్లి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంఘమును ఏర్పరచుకొని గ్రామస్థులే పూనుకొని నడిపించుటచే దూరప్రాంతములవారు వచ్చి చూచునంతటి పేరు పొందినది. ఆ పద్ధతిని వీధిదీపములకు వర్తింపజేయుట కష్టముకాదు. స్తంభములకు వరుసగ నంబర్లు వ్రాయించుడు. వీధిదీపముల సంఘము వద్ద ఒక నూరుపుటల పుస్తకము నుంచుడు. దానిలో స్తంభము నంబరు, తేది, వేళ, గాలివాన ఉన్నదీ లేనిదీ, ఒక్క దీపమా వరుస అంతయునా, కొట్టుకొనిన తీరు, చేసిన చికిత్స, అయిన ఖర్చు వ్రాయుడు. వీధికొకరు, ముఖ్యముగ సందెవేళ వాకిట నుండు మహిళలు, ఈ సంగతులు చెప్పగలరు.

మూడు మాసములు వ్రాసిన పుస్తకము సంఘమునకు గురువగును. ఒకే స్తంభముపై మూడు దీపములు మార్చినట్లు కనబడినచో జబ్బు దీపములలో లేదని ఎవరును చెప్పనక్కరలేదు. ఒకే తయారీ దీపములు వేసవిలోనే చెడుచున్నవని తేలినచో వచ్చే కొనుగోలులో దానిని మానవచ్చును. గాలి వీచిన ప్రతి రాత్రియు ఒకే వరుస కొట్టుకొనినదని వ్రాతలో చూపినచో విద్యుత్ సంస్థ ఇంజనీరునకును జబ్బు వెదకుట తేలికయగును. నోటిమాటకంటె ఆ పుట బలమైనది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దల మాట. దీపము కొట్టుకొనుచుండగానే దాని కారణమును కనుగొనవలెనని మేము దానికి జతచేయుచున్నాము. రాబోవు గ్రామసభకు ముందు ఒక సాయంకాలము వీధిదీపముల సంఘ సభ్యులు ఊరంతయు ఒక్కసారి కాలినడకన తిరిగి, చేతిలో పుస్తకముతో ప్రతి దీపమును చూచి రావలెనని కోరుచున్నాము. ఆ నడకకు పైసా ఖర్చులేదు. దానివలన పంచాయతీ నిధియు, పిల్లల కన్నులును, పనివాని ప్రాణమును భద్రముగ నుండును.